యోబు భార్య మాట

తెలుగు స్త్రీవాద సాహిత్యం పురాణ స్త్రీలను చాలా శ్రద్ధగా మళ్ళీ చదువుకుంది. చలం నాటికే సీత నోరు విప్పింది. ఓల్గా ‘విముక్త’ కథల్లో (2010) శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ తమ బతుకుల గురించి తామే మాట్లాడారు. బైబిలు స్త్రీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన విమర్శ గడప దగ్గరే ఆగిపోయింది. అది ప్రసంగాలకూ ప్రార్థనలకూ సంబంధించిన పుస్తకమనీ, సాహిత్యంగా దాని జోలికి వెళ్ళనక్కర్లేదనీ ఎవరూ పైకి చెప్పకుండానే ఒక నిర్ణయం జరిగిపోయింది. ఈ నిర్ణయంలో కులం పాత్ర కూడా ఉందని నేననుకుంటాను. తెలుగు నేల మీద ఎన్నో దళిత కుటుంబాల్లో ఇంట్లోకి వచ్చిన మొదటి పుస్తకం బైబిలే. మా అమ్మమ్మల తరంలో కొందరు అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నది దాన్లోనే. రామాయణం ఆడవాళ్ళ మనసుల్ని ఎలా మలిచిందని ఇన్నేళ్ళుగా అడుగుతున్న మనం, ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ మనసుల్ని ఏ కథలు మలిచాయని అడగలేదు. ఎం.ఎం. వినోదిని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని ఒక దళిత క్రైస్తవ అమ్మాయి కథగా తిరగరాయడం లాంటివి అరుదైన మినహాయింపులు.

బైబిలును ఆడవాళ్ళ వైపు నుంచి చదవడం ప్రపంచానికి కొత్తేమీ కాదు. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ‘ద ఉమన్స్ బైబిల్’ మొదటి భాగం 1895లోనే వచ్చింది. 1984లో ఫిలిస్ ట్రిబుల్ ‘టెక్స్ట్స్ ఆఫ్ టెర్రర్’లో హాగరు, తామారు, లేవీయుని ఉపపత్ని, యెఫ్తా కూతురు - ఈ నలుగురి కథల్నీ దుఃఖంతో, కోపంతో చదివింది. ఆ నలుగురిలో లేని ఒక స్త్రీ గురించి నేనిక్కడ మాట్లాడదలుచుకున్నాను. ఆమెకు పేరు లేదు. నలభై రెండు అధ్యాయాల గ్రంథంలో ఆమె మాట్లాడింది ఒక్కసారి. ఆ ఒక్క మాటకే రెండు వేల ఏళ్ళుగా తిట్లు తింటోంది. ఆమె యోబు భార్య.

కథ చాలామందికి తెలిసిందే. ఊజు దేశంలో యోబు యథార్థవంతుడు. ఏడు వేల గొర్రెలు, మూడు వేల ఒంటెలు, ఐదు వందల జతల ఎడ్లు, ఐదు వందల గాడిదలు, ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నవాడు. అతని భక్తి ఊరికే వచ్చింది కాదనీ, ఉన్నదంతా తీసేస్తే దేవుణ్ణి తిడతాడనీ పరలోకంలో సాతాను సవాలు చేస్తాడు. ఒక్క రోజులో ఆస్తి పోతుంది. పెద్దన్న ఇంట్లో విందు చేసుకుంటున్న పదిమంది పిల్లలూ ఇల్లు కూలి చచ్చిపోతారు. తర్వాత అతని ఒంటి నిండా కురుపులు లేస్తాయి. బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటున్న ఆ మనిషి దగ్గరికి భార్య వచ్చి మాట్లాడుతుంది. ఇంకా నీ యథార్థతను పట్టుకునే ఉంటావా, దేవుణ్ణి దూషించి చచ్చిపో అంటుంది. మూర్ఖురాలిలా మాట్లాడుతున్నావని అతను గద్దిస్తాడు. అంతే. ఆమె మళ్ళీ కనపడదు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ మరిచిపోయే చిన్న సంగతి ఒకటుంది. ఆ పదిమంది పిల్లలూ ఆమె పిల్లలు కూడా. పదిసార్లు కని, ఒక్కరోజులో అందర్నీ పోగొట్టుకున్న తల్లి ఆమె. యోబు బట్టలు చించుకుంటాడు, తల గొరిగించుకుంటాడు, నేల మీద సాగిలపడతాడు. ఆమె ఏం చేసిందో గ్రంథకర్త రాయలేదు. తండ్రి దుఃఖానికి విధి ఉంది, కర్మకాండ ఉంది, కవిత్వం ఉంది. తల్లి దుఃఖానికి ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

ఇక ఆమె అన్న మాట. హీబ్రూలో అవి ఆరే పదాలు. వాటిలో మొదటి సగం, యోబు ఇంకా తన యథార్థతను వదలలేదన్నది, కాసేపటి ముందు దేవుడు పరలోకంలో సాతానుతో అన్న మాటే. రెండో సగం, దేవుణ్ణి దూషించడమన్నది, సాతాను పందెం వేసిన మాట. పరలోకంలో ఏం జరిగిందో ఆమెకు తెలియదు. అయినా ఆ ఇద్దరి మాటలూ ఆమె నోట్లో ఒకే వాక్యంగా కలుస్తాయి. కరోల్ న్యూసమ్ లాంటి స్త్రీవాద పండితులు 1990లలో దీన్ని గట్టిగా పట్టి చూపించారు. ప్రసంగ వేదికలు మాత్రం రెండో సగాన్నే విని ఆమెను సాతాను పక్షాన చేర్చాయి. అగస్టీన్ ఆమెను సాతానుకు సహాయకురాలన్నాడు. కాల్విన్ సాతాను పనిముట్టన్నాడు. అటు కాథలిక్కులకూ ఇటు ప్రొటెస్టెంట్లకూ పూజ్యులైన ఇద్దరు పెద్దలు ఈ విషయంలో మాత్రం ఒక్కటయ్యారు.

‘దూషించి’ అన్న క్రియ దగ్గర ఇంకో ముడి ఉంది. హీబ్రూ మూలంలో అక్కడున్నది శపించడమనే పదం కాదు. ‘దీవించు’ అనే అర్థమున్న ‘బారక్’ అక్కడుంది. దేవుడన్న మాట పక్కన శాపమనే మాట రాయడానికి చేయి రాక అలా మార్చి రాశారని పండితుల వివరణ. ఇది అర్థం కావడానికి తెలుగువాళ్ళకు పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఇంట్లో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరితే ‘కొండెక్కింది’ అంటాం. అశుభాన్ని శుభం మాటతో చెప్పడం మన వంటింటి భాషలోనే ఉంది. అయితే, నిండుకున్నాయన్న మాటను నిఘంటువు చూసి తర్జుమా చేసేవాడికి ఎంత తికమకో, ఇక్కడా అంతే తికమక. ఆమె ‘దూషించు’ అందా? ఎత్తిపొడుపుగా ‘ఇంకా దీవిస్తూ కూర్చో, అలాగే పో’ అందా? లేక ఈ బాధ చూడలేక, ‘ఆయనకో దండం పెట్టి కన్ను మూయి’ అని అలసిపోయి అందా? మూలం మూడింటికీ చోటిస్తుంది. తెలుగు అనువాదకులు చాలా భాషల అనువాదకుల్లాగే మొదటి దాన్నే ఎంచుకున్నారు. దాంతో మిగతా రెండు గొంతులూ మనకు వినపడకుండా పోయాయి.

కానీ అదే తెలుగు అనువాదం పక్క వచనంలోనే, బహుశా తనకు తెలియకుండానే, ఆమెకు ఒక మేలు చేసింది. యోబు జవాబులో మేలు అనుభవించినప్పుడు కీడు అనుభవించకూడదా అనే ప్రశ్న ఉంది. హీబ్రూలో అది బహువచనం. అది ‘మేమో’ ‘మనమో’ ఆ భాష చెప్పదు. తెలుగుకు ఆ తప్పించుకునే వీల్లేదు. ఏదో ఒకటి తేల్చాలి. అనువాదకులు ‘మనము’ అని రాశారు. అంటే గద్దించిన ఆ నోటితోనే యోబు ఆమెను తన దుఃఖంలోకి కలుపుకున్నాడు. మేలూ ఇద్దరిదే, కీడూ ఇద్దరిదే. పీఠాల మీది వ్యాఖ్యాతలు ఇవ్వని వాటాను తెలుగు వ్యాకరణం ఆమెకు ఇచ్చింది. ఈ ‘మనము’ మీద ఎవరైనా ప్రసంగం చేస్తే వినాలని నాకు చాలాకాలంగా కోరిక.

ఆమె మౌనం పాతకాలపు పాఠకుల్ని కూడా ఇబ్బంది పెట్టినట్టుంది. క్రీస్తుకు ముందే గ్రీకులోకి వెళ్ళిన అనువాదంలో ఆమె మాట పొడవు పెరిగింది. నీ జ్ఞాపకమే భూమ్మీద లేకుండా పోయింది, నేను ఊరికే నొప్పులు పడి కన్నానంటుంది అక్కడ. కూలిదానిలా ఊరూరూ ఇల్లిల్లూ తిరుగుతున్నాననీ, ఈ కష్టం నుంచి కాస్త తెరిపి దొరుకుతుందని పొద్దు ఎప్పుడు కుంకుతుందా అని చూస్తున్నాననీ చెబుతుంది. తర్వాత, క్రీస్తు శకం మొదలైన కాలానికి అటూ ఇటూగా యూదులు రాసుకున్న ‘యోబు నిబంధన’ ఆమెకు సితిస్ అనే పేరు పెట్టింది. ఆమె పరాయి ఇంట నీళ్ళు మోసి, తన రొట్టెలో సగం మొగుడికి పెడుతుంది. చివరికి మూడు రొట్టెల కోసం, రొట్టెలమ్మేవాడి వేషంలో వచ్చిన సాతానుకు తన జుట్టు అమ్ముకుంటుంది. ఇస్లాం సంప్రదాయం అయ్యూబు భార్యను రహ్మా అన్న పేరుతో, చివరిదాకా సేవ చేసిన మనిషిగా గుర్తు పెట్టుకుంది. 1826లో అచ్చయిన విలియం బ్లేక్ చిత్రాల్లో ఆమె కష్టంలోనూ సుఖంలోనూ అతని పక్కనే ఉంటుంది. అంటే ఆమెను ఇంకోలా చదివే దారి ఎప్పుడూ ఉంది. చర్చి పీఠం ఆ దారిన నడవలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. యోబు అనగానే మనకు గుర్తొచ్చే మాట సహనం. ఈ ముద్రకు కొత్త నిబంధనలో యాకోబు పత్రికలోని ఒక వచనం పెద్ద ఆధారం. యోబు గ్రంథాన్ని కూర్చుని చదివితే కనపడేది ఇంకో మనిషి. మొదటి రెండు అధ్యాయాల్లో ఓర్చుకున్న యోబు మూడో అధ్యాయంలో తాను పుట్టిన దినాన్నే శపిస్తాడు. అక్కణ్ణించి దాదాపు ముప్ఫై అధ్యాయాలు అతను దేవుడితో వాదిస్తాడు, నిలదీస్తాడు, నా నేరమేమిటో రాసిమ్మంటాడు. ఓదార్చడానికొచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరు దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని, ఏదో పాపం లేనిదే కష్టం రాదంటారు. చివర్న దేవుడు కోప్పడింది వాళ్ళ మీద. నా గురించి సరిగ్గా మాట్లాడింది యోబేనని ఒకసారి కాదు, రెండుసార్లు చెబుతాడు. ఈ గ్రంథం మెచ్చుకున్నది సహనాన్ని కాదు, నిజం మాట్లాడడాన్ని. పెరూ దేశపు విమోచన వేదాంతి గుస్తావో గుతియర్రెజ్ 1986లో యోబు మీద రాసిన పుస్తకమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది - అన్యాయంగా బాధపడేవాళ్ళ మధ్య నిలబడి దేవుడి గురించి ఎలా మాట్లాడాలి? ఆ ప్రశ్న పేదవాళ్ళదన్నాడాయన. పేదల్లో ఆడవాళ్ళ వైపు తిరిగి అడిగితే అది మొదట వచ్చింది యోబు భార్య నోటినుంచే. ఆమె వచ్చి మాట్లాడకముందు యోబుకు ప్రశ్న లేదు. మాట్లాడిన కొద్ది రోజులకే ప్రశ్నలు తప్ప ఇంకేం లేవు. చావు కోరుకోవడంలో ఆమె ఆగినచోటు నుంచే అతను మొదలుపెట్టాడు. దేవుడు స్నేహితులు ముగ్గుర్నీ మందలించాడు గానీ, ఆమెను ఒక్క మాట అనలేదు.

మరి మన సంఘాల్లో ఏం జరుగుతోంది? చావు జరిగిన ఇంట్లో ఆదరణ కూడిక పెడతారు. వాక్యం చెప్పేవాళ్ళు ఎక్కువగా యోబు మొదటి అధ్యాయమే తీస్తారు, ఇచ్చినవాడే తీసుకున్నాడనే చోటు. మూడో అధ్యాయం తీయగా నేను వినలేదు. బిడ్డ పోయిన తల్లి గుండె పగిలి ‘దేవుడా, నీకు కళ్ళు లేవా’ అని ఏడిస్తే పక్కనున్న ఆడవాళ్ళే నోరు మూయిస్తారు, యోబు భార్యలా మాట్లాడొద్దమ్మా అని. ఆ పోలిక ఒక శిక్ష. యోబు ఓర్పు ఆడవాళ్ళకు పాఠం, యోబు ఫిర్యాదు ఎవరికీ పాఠం కాదు. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన అమ్మాయికీ ఇదే మందు. ప్రార్థన చెయ్యమ్మా, ఓర్చుకో, యోబుకు రెండంతలు రాలేదా అంటారు. యోబును బాధపెట్టింది అతని సహచరి కాదనీ, కొట్టే చెయ్యి దేవుడు పెట్టిన పరీక్ష కాదనీ ఎవరూ విడదీసి చెప్పరు.

ఈ ఓర్పు ప్రసంగానికే పరిమితం కాలేదు, చట్టంగా కూడా ఉండేది. 1869 నాటి విడాకుల చట్టం కింద క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే సరిపోయేది. భార్య మాత్రం భర్త వ్యభిచారానికి తోడు క్రూరత్వాన్నో, రెండేళ్ళకు తగ్గకుండా వదిలేసి పోవడాన్నో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. ఒక్క క్రూరత్వం విడాకులకు చాలేది కాదు. 2001 సవరణ దాకా ఈ దేశంలో క్రైస్తవ స్త్రీ సహనానికి పార్లమెంటు కాపలా కాసింది.

యోబుకు వకాల్తా పుచ్చుకునే ముందు అతని మాటల్లోనే ఉన్న ఒక చీకటి మూలను కూడా చూడాలి. ముప్ఫై ఒకటో అధ్యాయంలో అతను తన నిర్దోషిత్వం మీద ఒట్లు వేస్తాడు. పరాయివాడి భార్యను ఆశించి ఉంటే నా భార్య ఇంకొకడి తిరగలి విసరాలి, పరాయి మగవాళ్ళు ఆమెను అనుభవించాలి అంటాడు. నేరం అతనిది, శిక్ష ఆమె ఒంటికి. తిరగలి విసరడం ఆ కాలంలో బానిసరాలి పని. న్యాయం కోసం దేవుణ్ణే కోర్టుకీడ్చిన మనిషికి భార్య శరీరాన్ని తాకట్టు పెట్టడంలో అన్యాయం కనపడలేదు. పంతొమ్మిదో అధ్యాయంలో తన ఊపిరి భార్యకు అసహ్యమైపోయిందని కూడా బాధపడతాడు. బంధువులు దూరమయ్యారు, దాసీలు పరాయివాడిలా చూస్తున్నారు. కానీ ఆ ఊపిరి వాసన తెలియాలంటే ఆమె దగ్గరే ఉండాలి కదా. అతని పుండ్లు ఎవరు కడిగి ఉంటారో ఆ ఒక్క ఫిర్యాదు చెబుతోంది.

తెలుగు పాఠకులకు యోబు కథ వినగానే హరిశ్చంద్రుడు గుర్తొస్తాడు. అక్కడా పైలోకంలో పెద్దల పందెమే, కింద ఒక సత్యవంతుడి సంసారం చితికిపోవడమే. కానీ మన రంగస్థలం చంద్రమతికి ఇచ్చిన చోటు వేరు. కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆమె ఏడుస్తుంటే ఊళ్ళకు ఊళ్ళు ఆమెతో ఏడ్చాయి. ఆ కాటిసీనులోనే, క్రైస్తవ కుటుంబంలో పుట్టి అంటరానితనం అనుభవించిన జాషువా శ్మశాన పద్యాలు కూడా తెలుగు నటుల నోట మారుమోగాయి. పరీక్షకు గురైన మగవాడి భార్యతో కలిసి ఏడవడం మనకు తెలియని విద్య కాదు. తేడా ఎక్కడంటే, చంద్రమతికి ఏడుపు దొరికింది గానీ ఎదురు ప్రశ్న దొరకలేదు. యోబు భార్యకు ప్రశ్న దొరికింది గానీ ఏడుపు దొరకలేదు. ఒకామెను పతివ్రతగా పూజించి, ఇంకొకామెను సాతాను పనిముట్టుగా తిట్టి, రెండు సంప్రదాయాలూ చేసిన పని ఒకటే. ఒకే స్త్రీకి ఏడ్చే హక్కూ అడిగే హక్కూ కలిపి ఇవ్వలేదు.

చివరి అధ్యాయం యోబుకు ఆస్తి రెండింతలు చేస్తుంది. పిల్లల్ని రెండింతలు చేయదు. మళ్ళీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళే. పోయిన పిల్లల లెక్క గొర్రెల లెక్కలా తీరదని ఆ రచయితకు తెలుసుననిపిస్తుంది. మరి ఈ పదిమందినీ కన్నదెవరు? ఆ అధ్యాయంలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వస్తారు, స్నేహితులు వస్తారు, ఆమె మాట రాదు. ‘యోబు నిబంధన’ అయితే ఆమెను చంపేసి యోబుకు రెండో పెళ్ళి చేసింది. కానీ ఇక్కడే ఒక విచిత్రం. కొడుకుల పేర్లు చెప్పని గ్రంథకర్త కూతుళ్ళ పేర్లు చెబుతాడు: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. వాళ్ళకు అన్నదమ్ములతోపాటు ఆస్తిలో వాటా ఇచ్చాడంటాడు. కొడుకులు లేకపోతేనే కూతుళ్ళకు ఆస్తి అన్న మోషే ధర్మానికి ఇది ఒక అడుగు ముందుంది. కూతురికీ కొడుక్కీ సమాన వాటా అన్న 1925 వారసత్వ చట్టం తమకూ వర్తిస్తుందని తేల్చుకోవడానికి కేరళ క్రైస్తవ స్త్రీలకు 1986లో మేరీ రాయ్ కేసు తీర్పు దాకా పట్టింది. యోబు పేరు మీద ఇన్ని ప్రసంగాలు విన్నాను గానీ, ఈ వాటా మీద ఒక్కటీ వినలేదు.

విశ్వాసం ఉన్న స్త్రీలను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఉపవాస కూడికల్లో లేచి నిలబడి సాక్ష్యం చెప్పే ఆడవాళ్ళను చూస్తే నాకు ఎప్పుడూ గౌరవమే. కూలి దొరకని రోజులు, బిడ్డ జ్వరం, మొగుడి తాగుడు, అప్పులవాడి మాటలు - ఇంకెక్కడా నోరు విప్పే వీల్లేని స్త్రీ అక్కడ పదిమందిలో తన బతుకు తాను చెప్పుకుంటుంది. ఇది మన సాహిత్య చరిత్ర ఇంకా లెక్కలోకి తీసుకోని ఒక మౌఖిక ప్రక్రియ. మగవాళ్ళ ప్రసంగం కంటే యోబు గ్రంథానికి ఇదే దగ్గర. అయితే దానికీ ఒక షరతుంది. సాక్ష్యం కార్యం జరిగిన చోట ముగియాలి. జ్వరం తగ్గినవాళ్ళు లేచి మాట్లాడతారు, తగ్గని బిడ్డ తల్లి చాప మీద తల దించుకుని కూర్చుంటుంది. నలభై రెండో అధ్యాయం వచ్చాకే మాట్లాడాలని ఆమెకు చెప్పకనే చెబుతున్నాం. యోబు మాత్రం ముగింపు ఎలా ఉంటుందో తెలియకుండానే, పుండ్లు మానకముందే మాట్లాడాడు. అతని భార్యా అంతే.

కాబట్టి మార్పు పీఠం మీద ఎవరున్నారన్న దాంతో ఆగదు. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. అది తెలుగు నేల మీద జరగడం మనందరికీ గర్వమే. కానీ పీఠం మీద నిలబడేది స్త్రీ అయినా, తీసే అధ్యాయం పాతదే అయితే చాప మీద కూర్చున్న తల్లికి తేడా ఏముంటుంది? ఆదరణ కూడికలో మూడో అధ్యాయం చదవాలి. కార్యం జరగని స్త్రీ కూడా లేచి, జరగలేదని చెప్పగలిగే సాక్ష్యం కావాలి. అలా చెప్పినందుకు ఆమె విశ్వాసం తగ్గినట్టు కాదని యోబు గ్రంథమే మనకు ఆధారం.

మన వైపు చేయాల్సిన పని కూడా ఉంది. సీతను చదివినంత శ్రద్ధగా ఈ స్త్రీలనూ చదవాలి. అది క్రైస్తవ స్త్రీలకు మనం చేసే ఉపకారం కాదు, మన విమర్శలోనే ఉన్న వెలితిని పూడ్చుకోవడం. పల్లెల్లో, గూడేల్లో ఈ పుస్తకాన్ని గుండెకు హత్తుకుని బతికిన స్త్రీల దగ్గర దీనికి ఎన్ని అర్థాలున్నాయో అడిగి రాసుకోవాలి. యోబు భార్యకు మనం పేరు పెట్టనక్కర్లేదు. ఆమె అన్న ఆ ఒక్క మాటను బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి మాటగా వింటే చాలు. అలా విన్నవాళ్ళెవరూ ఇంకో తల్లిని నోరు మూసుకోమని యోబు భార్య పేరు ఎత్తలేరు.